రెండూ కుడిచేతివే

“చేతులకి గ్లౌజులేంటే, నువ్వేమన్నా ఆపరేషన్లు చేస్తావా?” అని శ్యాంబాబు నవ్వాడు. ఆ మాట తనకే బాగా నచ్చినట్టుంది, అరుగు మీద వక్క కత్తిరించుకుంటున్న తల్లికి వినపడేలా ఇంకోసారి అన్నాడు. సువార్తమ్మ కూడా నవ్వింది. పెరట్లో కూర్చుని బొచ్చె చేప తోముతున్న ప్రసన్నకుమారికి మాత్రం నవ్వు రాలేదు. చేపకి పట్టించిన కల్లుప్పు ఎడమ అరచేతి గీతల్లోకి దిగి మండుతోంది. మండితే చెయ్యి బకెట్లో ముంచడం, కాస్త చల్లారగానే మళ్ళీ ఉప్పు ముట్టుకోవడం ఆమెకి అలవాటే. అలవాటు లేనిదల్లా అడగడం. ఆ రోజు అడిగింది. సోమవారం నుంచి బుల్లిరాజు గారి రొయ్యల చెరువులకి కంచె పని మొదలవుతుంది. ఈసారి తన చేతికి సరిపోయే గ్లౌజులు ఒక జత ఉంటే గాని తీగ ముట్టుకోనని అనలేదు. అంత మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఒక జత కొంటే బాగుంటుందేమో అంది, అంతే. దానికి వచ్చిన జవాబు ఇది.

శ్యాంబాబు కంచెలు కడతాడు. మొగల్తూరు చుట్టుపక్కల చెరువులకీ కొబ్బరితోటలకీ సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగి కట్టడంలో చెయ్యి తిరిగినవాడని పేరు. తిరిగినవాడే, కాదనడానికి లేదు. కాకపోతే ముళ్ళతీగ ఒక్కడు లాగితే వచ్చే వస్తువు కాదు. దాని చుట్ట విప్పుతూ వెనకాలే నడవడానికి ఒకరుండాలి. చివర్న గునపానికి తీగ మెలివేసి, వెనక్కి వాలి, అది వీణ తీగలా బిగిసేదాకా లాగి పట్టుకోవడానికి ఒకరుండాలి. అప్పుడు అవతలివాడు తీరిగ్గా స్తంభం దగ్గర నిలబడి బైండింగ్ వైరుతో కట్టుకుంటాడు. ఆ విప్పే మనిషీ, ఆ లాగిపట్టే మనిషీ ప్రసన్నకుమారి. పని మాట్లాడుకునేటప్పుడు ఆసామి “ఎంతమంది వస్తారు?” అని అడిగితే శ్యాంబాబు, “నేనొక్కడినేనండి, చేతిసాయానికి మా ఆవిడ ఉంటుంది” అంటాడు. ఆ ప్రాంతంలో కంచె పనికి లెక్కే అంత. మనిషి ఒకడు, చేతిసాయం ఒకటి. మనిషికి కూలి ఉంటుంది, పదింటికి టీ ఉంటుంది, కంచె బాగా కుదిరితే పేరుంటుంది. చేతిసాయం మధ్యాహ్నానికి క్యారేజీ కూడా కట్టుకుని వస్తుంది.

అలాగని శ్యాంబాబు ఆమెకి గ్లౌజులు ఎప్పుడూ ఇవ్వలేదంటే అబద్ధమవుతుంది. అతను తనకోసం కొనుక్కునేవి మంచివే, అరచేతి వైపు తోలు, వెనక వైపు గుడ్డ. కుడిచేత్తో కటింగ్ ప్లేయర్ పట్టుకుంటాడు, ఎడమచేత్తో తీగ పట్టుకుంటాడు. అందుకని ఎప్పుడూ ఎడమదే ముందు చిరుగుతుంది. చిరగగానే కొత్త జత కొంటాడు. పాత జతలో మిగిలిన కుడిది నిక్షేపంగా ఉంది కదా, పారెయ్యడం దేనికని పెళ్ళానికిస్తాడు. అలా ఇన్నేళ్ళలో ఆమెకి వచ్చిన గ్లౌజులన్నీ కుడిచేతివే. ఓసారి కోతపండగనాడు చర్చిలో సాక్ష్యం చెబుతూ, “నా భార్య నాకు కుడిచెయ్యండి” అని సంఘమంతటి ముందూ అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ప్రసన్న వంక అందరూ మెచ్చుకోలుగా చూశారు. మాట మీద నిలబడే మనిషి మరి. కుడిచెయ్యి అన్నాడు, కుడిచేతివే ఇచ్చాడు.

కుడిచేతి గ్లౌజు ఎడమచేతికి పట్టాలంటే వెనక వైపు ముందుకొచ్చేలా తిరగేసి తొడుక్కోవాలి. బొటనవేలు ఎలాగో దాని చోట అది కుదురుకుంటుంది. కాని తోలు వెళ్ళి చేతి వెనకాల కూర్చుంటుంది, అరచేతి వైపుకి పల్చటి గుడ్డ వస్తుంది. పోయిన వానాకాలం ఆ గుడ్డలోంచే తుప్పు పట్టిన ముల్లొకటి ఎడమచేతి ఉంగరపు వేలి మొదట్లో దిగింది. పసుపు అద్ది, దాని మీద పాత గుడ్డ కట్టి, ఆ చేత్తోనే బురదలో పని చేసింది. వేలు వాచింది, తర్వాత చెయ్యి వాచింది. ఇంటికొస్తే అంట్లూ, బట్టలూ, అత్తగారి కాళ్ళకి కాపడం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదే. చివరికి భీమవరం ఆసుపత్రిలో వేలు కోసి చీము తీశారు. అంతకు ముందు, వాపులో కూరుకుపోయిన పెళ్ళి ఉంగరాన్ని కట్టర్‌తో కోసి తీశారు. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, ప్రసన్న కళ్ళలోకి చూసి నెమ్మదిగా చెప్పింది. “ఇది మానుతుందమ్మా. కాని ఇక్కడే ఇంకోసారి గుచ్చుకుని బురద తగిలిందనుకోండి, వేలు తీసెయ్యాల్సొస్తుంది. తీగ జోలికి వెళ్ళకండి.”

ఇంటికి వచ్చిన సాయంత్రం సువార్తమ్మ ఆ ఉంగరం ముక్కలు ఒళ్ళో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దేవుని సన్నిధిలో పెట్టిన ఉంగరం, ఇలా ముక్కలు చేసి తెచ్చావా అని వాపోయింది. శ్యాంబాబు తల్లి పక్కన కూర్చుని, అతికించచ్చులే అమ్మా, కంసాలి చేతిలో పెడితే అతుకు కూడా కనపడదని ఓదార్చాడు. అతుకు కనపడకుండా చేస్తాననే మాట వేలి గురించి ఎవరూ అనలేదు. ప్రసన్న అత్తగారికి అన్నం కలిపిచ్చి, కుడిచేత్తోనే అంట్లు తోముకుంది.

వేలు మానింది. సగమే వంగుతుంది. రాత్రి పడుకున్నాక దాన్ని కుడిచేత్తో పట్టుకుని వంచి చూసుకోవడం ఆమెకి అలవాటైపోయింది. ఇది లేకపోతే ఏమవుతుందని ఆలోచించేది. పిండి కలపడం ఎలా, పిల్లకి జడ వెయ్యడం ఎలా, అత్తగారి తలకి నూనె మర్దనా ఎలా అని ఒక్కొక్కటీ తలుచుకునేది. తలుచుకుంటూ ఉండగా ఒకరోజు ఆమెకే చిత్రంగా తోచింది. పోయేది తన వేలు, తను భయపడుతున్నదేమో ఇంట్లోవాళ్ళ పనులు ఆగిపోతాయని. మరి తనకంటూ ఆ వేలితో పని లేదా? ఉంది. శుక్రవారం స్త్రీల సమాజం కూడికలో ఆమె డోలక్ వాయిస్తుంది. పెళ్ళికి ముందు తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య, అత్తవారింటికి తనతో తెచ్చుకున్న వాటిలో ఎవరూ వాడుకోకుండా మిగిలింది అదొక్కటే. ఎడమచేతి వేళ్ళు వంగి తోలు మీద జారితేనే ఆ గుమ్మనే నాదం పలుకుతుంది. వానాకాలం నుంచి ఆ కూడికలో చప్పట్లతోనే సరిపెడుతున్నారు. ఆ వేలు మళ్ళీ వంగాలని, డోలక్ మళ్ళీ పలకాలని ఆమెకి ఎంత కోరికగా ఉందో భర్తకి ఎప్పుడూ చెప్పలేదు. వేలు ఉంటేనే కదా వంగేది.

అందుకే శనివారం పొద్దున్నే వంట ముగించి, ఆసుపత్రికని చెప్పి, భీమవరం బస్సెక్కింది. అబద్ధం చెప్పినందుకు సగం దారి దాటేదాకా మనసు పీకింది. తర్వాత ఆలోచిస్తే అదేమంత అబద్ధం కాదనిపించింది. తను వెళ్తున్నదీ వేలు కోసమే.

మొదటిది పెద్ద హార్డ్‌వేర్ షాపు. కౌంటర్లో ఉన్నాయన, “మీ ఆయన చెయ్యి ఏ సైజండీ?” అని అడిగాడు. ఆయనకి కాదు, నాకేనండి అంది. ఏ పనికన్నాడు. అక్కడ ఆమె ఆగిపోయింది. కంచె పనికి అనబోయి, అంత పెద్ద మాట తను అనచ్చో లేదో తెలియక, “చేతిసాయానికండి” అంది. ఆయన ముఖం విచ్చుకుంది. దానికైతే ఇవి చాలమ్మా అంటూ గులాబీ రంగు రబ్బరు గ్లౌజులు తీశాడు. అట్ట మీద ఒకావిడ సింకు పక్కన నిలబడి, అంట్లు తోమడమంత ఆనందం లోకంలో లేదన్నట్టు నవ్వుతోంది. ముళ్ళతీగకండి అని ప్రసన్న చెప్పింది. లేడీస్‌వి అంటే ఇవి, లేదంటే బండి మీద వెళ్ళేటప్పుడు ఎండ తగలకుండా వేసుకునే పువ్వుల గ్లౌజులు, అంతేనమ్మా వస్తాయి అన్నాడు. చెయ్యి నల్లబడకుండా ఉండటానికీ, అంట్ల సబ్బుకి పాడవకుండా ఉండటానికీ ఆడవాళ్ళ చేతులకి తొడుగులున్నాయి. ముల్లు గుచ్చుకోకుండా ఉండాలని ఎవరికీ తోచినట్టు లేదు. మగాళ్ళవి అడిగి తొడుక్కుని చూసింది. వేళ్ళ చివర్లు వేలాడుతున్నాయి. అవి చాలా ప్రమాదం. ముల్లు ఆ ఖాళీ కొసని పట్టిందంటే తీగతో పాటు చెయ్యినీ ఈడ్చుకుపోతుంది. దానికంటే వట్టి చెయ్యే నయం.

ఇంకో రెండు షాపులు తిరిగింది. ఒక చోట తెల్ల నూలువి, ఒక చోట ముంజేతుల దాకా వచ్చే వెల్డింగువి. అన్నీ శ్యాంబాబు చేతులకే. కాళ్ళు పీకి బస్టాండులో కూర్చుంటే, రొయ్యల ప్లాంటులో షిఫ్టు దిగి వస్తున్న ఆశాజ్యోతి కనపడింది. ఒకే సంఘం, వదినా అని పిలుస్తుంది. సంగతి విని, అయ్యో, దానికింత తిరగడమెందుకు, మా దగ్గర అందరూ ఆడవాళ్ళే, మన సైజువే ఇస్తారు అంటూ సంచిలోంచి నీలం రంగు జత తీసింది. వేసుకుంటే చర్మంలా అతుక్కుపోయింది. ప్రసన్న ప్రాణం లేచొచ్చింది. అనుమానంతో జాకెట్టుకున్న పిన్నీసు తీసి గుచ్చి చూసింది. కాగితంలా చిరిగింది.

ఆశాజ్యోతి చిరిగిన జత తీసుకుని సంచిలో పడేసుకుంది. తర్వాత, “ఇవి మన చేతుల కోసం ఇచ్చేవి కాదొదినా. మన చెయ్యి రొయ్యకి తగలకూడదని ఇచ్చేవి” అంది.

ఐస్ ఫ్యాక్టరీల దగ్గర ఒక చిన్న కొట్టుందని, ఐసు దిమ్మలు మోసేవాళ్ళు అక్కడే కొనుక్కుంటారని కూడా చెప్పింది. అక్కడి ముసలాయన ఆమె చేతిని ఒకసారి చూసి, లోపలికెళ్ళి, అటక మీద నుంచి ఒక డబ్బా దింపాడు. దళసరి తోలు, అరచేతి మీద రెండో పొర, మణికట్టు దాటి వచ్చే పట్టీ, కుట్టు మీద కుట్టు. “సైజు తప్పొచ్చిందమ్మా ఇది. ఎవరి చేతికీ పట్టడం లేదు. వాపసు పంపుదామని పక్కన పడేశాను” అన్నాడు. ఆమె తొడుక్కుంది. ఒక్కో వేలూ వెళ్ళి దాని గదిలో అది కూర్చుంది. ఉంగరపు వేలు కూడా. పిడికిలి బిగించి విప్పింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొట్టాయనకి కనపడకుండా తల పక్కకి తిప్పుకుంది. ఎవరికీ పట్టని సైజు! తన చెయ్యి ఈ లోకానికి ఒక పొరపాటన్నమాట. సరే, పొరపాటైనా ఒక జత వచ్చింది, అంతే చాలనుకుంది. కోడిగుడ్లమ్మి దాచుకున్న డబ్బులిచ్చింది.

ఇంటికొచ్చాక దాచలేదు, చూపించింది. సువార్తమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి, మీ మావయ్య బతికున్నన్నాళ్ళూ వట్టి చేతులతోనే కట్టాడమ్మా, ఆ పని వల్లే ఈ ఇంట్లో అందరికీ ఐదు వేళ్ళూ నోట్లోకి వెళ్ళాయి అంది. ఐదూ ఉంటేనే కదండీ వెళ్ళడానికి అనుకుంది ప్రసన్న, పైకి అనలేదు. శ్యాంబాబు మాత్రం తోలు నొక్కి చూసి, సరుకు బాగానే ఉంది అని ఒప్పుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, ఆదివారం గుడి మానడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె అదృష్టానికి ఉదాహరణగా చెప్పుకునే మనిషి. అలాంటి మనిషితో ఇబ్బంది ఏంటంటే, ఇబ్బంది ఉందని ఎవరికైనా చెబితే నీకే ఏదో ఎక్కువైందంటారు.

సోమవారం పని మొదలైంది. తీగ చుట్ట విప్పుతుంటే మొదటి ముల్లు అరచేతికి తగిలింది. తగిలినట్టు తెలిసింది, గుచ్చుకోలేదు. ఆమె ఆగి, కావాలని ఇంకోసారి నొక్కింది. ఊహూ. ఇన్నేళ్ళుగా తీగని చూస్తే ముడుచుకుపోయే ఒళ్ళు ఆ వేళ వదులైంది. గట్టు మీద గాలి, చెరువులో నీళ్ళు చిలుకుతూ తిరుగుతున్న ఏరేటర్ల చప్పుడు, పక్క చెరువు మీద వాలిన కొంగలు, ఇవన్నీ ముందు నుంచీ అక్కడే ఉన్నాయేమో, ఆమెకి ఆ రోజే కనపడ్డాయి. సాయంత్రం ఇంటికొచ్చి గోంగూర పచ్చడి కలుపుకుని తింటే చెయ్యి మండలేదు. ఎవరితోనూ అనలేదు గాని ఆమెకి పండగలా ఉంది. పడుకున్నాక దుప్పటి కింద పొట్ట మీద వేళ్ళతో నెమ్మదిగా తాళం వేసుకుంది. ఉంగరపు వేలు అందుకోలేక వెనకబడింది, కాని వచ్చింది.

బుధవారం పొద్దెక్కాక, చెరువు మూల మలుపు దగ్గర శ్యాంబాబు ఎడమ గ్లౌజు చిరిగింది. ఎప్పుడూ చిరిగేదే. అతను నాలుగు తిట్లు తిట్టి దాన్ని చెరువులోకి విసిరేశాడు. ఇంటి దగ్గర్నుంచి కొత్త జత తెచ్చుకోలేదు, మర్చిపోయాడు. గట్టు మీద నడిచి ఆమె దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. “నీ ఎడమది ఇలా ఇయ్యి. ఈ వరస అయ్యాక ఇచ్చేస్తాను” అన్నాడు. ఆమె ఒద్దని అనాలనుకుంది. నిజంగానే అనాలనుకుంది. కాని అతను చెయ్యి చాపితే ఇచ్చెయ్యడం చేతులకి అలవాటు, మనసు తేరుకునేసరికి అవి గ్లౌజు తీసి ఇచ్చేశాయి. అతని చెయ్యి అందులో సగం దాకే దూరింది. లాగాడు, పీకాడు. తర్వాత జేబులోంచి చాకు తీసి, చిటికెన వేలి పక్కనుంచి మణికట్టు దాకా కుట్టుని సర్రున కోసి, వెడల్పు చేసుకుని తొడుక్కున్నాడు. బైండింగ్ వైరు ముక్కతో మణికట్టు దగ్గర చుట్టుకున్నాడు.

ఆమె ఆ కోత వంకే చూస్తూ నిలబడిపోయింది. ఆ ముఖం చూసి అతనికి ఏదో తోచినట్టుంది, తన కుడిచేతి గ్లౌజు తీసి ఇచ్చాడు. “ఇది తిరగేసి వేసుకో, నీకు అలవాటేగా. అయినా నువ్వు పట్టుకునేదేగా” అన్నాడు. అందులో వెక్కిరింత లేదు. ఉంటే బాగుండును, కోపమైనా వచ్చేది. అతను మామూలుగా అన్నాడు, ఉప్పందియ్యి అన్నట్టు అన్నాడు. ఆమె ఆ గ్లౌజుని తీసుకోలేదు. అది గట్టు మీద పడింది. అతను అప్పటికే స్తంభం వైపు నడుస్తూ, వెనక్కి చూడకుండా, “పట్టుకో” అని అరిచాడు.

పట్టుకుంది. తీగని గునపానికి మెలివేసి, కుడిచేత్తో గునపం, ఎడమ వట్టి చేత్తో తీగ పట్టుకుని వెనక్కి వాలింది. తీగ లేచి బిగిసింది. చేతికి దొరికిన చోట ఒక ముల్లు సరిగ్గా ఉంగరపు వేలి మొదట్లో, పాత మచ్చ మీదకే వచ్చి ఆనింది. చెయ్యి జరపడానికి లేదు, జరిపితే తీగ గునపం మీద నుంచి జారుతుంది. చర్మం లోపలికి నొక్కుకుపోయింది, ఇంకా తెగలేదు. కాళ్ళ కింద చెరువు బురద. శ్యాంబాబు కట్టడం మొదలుపెట్టాడో లేదో, మోటారుసైకిలు మీద బుల్లిరాజు గారు వచ్చారు. ఏంటి శ్యాంబాబూ, ఎంతవరకూ వచ్చిందని పలకరించారు. “ఆయ్, ఈ మూల అయిపోతే ఇంక తిన్నగా వెళ్ళిపోద్దండి రాజుగారూ” అంటూ శ్యాంబాబు కట్టు వదిలేసి ఆయన వైపు తిరిగాడు. సరుకు రేటు గురించి మాటలు సాగాయి. ప్రసన్న ఏవండీ అని పిలిచింది. శ్యాంబాబు ఇటు చూడకుండానే, మాట్లాడుతున్నాం కదా, ఉండమన్నట్టు చెయ్యెత్తాడు. ఎత్తిన ఆ చేతికి ఆమె గ్లౌజు ఉంది. రాజుగారి కళ్ళు దాని మీద పడ్డాయి. ఇదేంటయ్యా, కుట్టు ఊడిపోయింది వేసుకున్నావన్నారు. శ్యాంబాబు నవ్వి, “మా ఆవిడదండి. చేతిసాయానికి అంత మంచిది దేనికని నేనేసుకున్నాను” అన్నాడు. ఆయన కూడా నవ్వారు.

పట్టుకో. ఆ ఇంట్లో ఆమె ఎక్కువసార్లు విన్న మాట తన పేరు కాదు, ఇదే. కొత్తకోడలిగా వచ్చిన వారానికే బల్ల మీదెక్కి రేకులు వేస్తూ బల్ల పట్టుకో అన్నాడు. నెలలు నిండిన కడుపుతో నిచ్చెన పట్టుకుంది. పిల్లని పట్టుకో, గొడుగు పట్టుకో, అమ్మ స్నానానికి లేస్తోంది జబ్బ పట్టుకో, సంచి పట్టుకో, నేను మాట్లాడి వస్తాను ఇక్కడే నిలబడి బండి పట్టుకో. పట్టుకోవడం పనేంటి, కదలకుండా నిలబడటమేగా అని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. ఇప్పుడీ గట్టు మీద రెండు చెరువుల పొడవు తీగ ఆమె ఒంటి బలం మీద నిలబడి ఉంది. అది అలా నిలబడి ఉండబట్టే ఆ ఇద్దరు మగవాళ్ళూ తీరిగ్గా రొయ్యల రేటు మాట్లాడుకుంటున్నారు. అతను నిలబడిన చోటు తీగకి ఆనుకునే ఉంది. బిగిసిన ముళ్ళతీగని ఒక్కసారిగా వదిలితే అది చుట్టలు చుట్టుకుంటూ వెనక్కి ఎగురుతుంది, అడ్డమొచ్చింది ఏదైనా చీరేస్తుంది. ఆ సంగతి ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. కాబట్టే పట్టుకున్నవాళ్ళు ఎప్పుడూ వదలరు. చెయ్యి తెగినా వదలరు. పోయిన వానాకాలం తను వదల్లేదు. ముల్లు దిగుతోందని తెలుస్తూనే ఉంది, అతను కట్టు ముగించేదాకా పట్టుకునే ఉంది. ఆ మాట డాక్టరమ్మకి కూడా చెప్పలేదు, సిగ్గేసింది. ఇప్పుడు మచ్చ మీద చర్మం తెల్లగా సాగింది. ఇంకొంచెం. ఇంకొంచెమే. ఈ వేలు ఎవరిది అని తనను తానే అడిగింది. జవాబు తెలిసిందే అయినా, దాని కోసం ఇంత దూరం వెతుక్కుంటూ రావలసి వచ్చినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

ఏడవలేదు. కాళ్ళు గట్టిగా ఆనించి నిలబడింది.

“ఏవండీ, తప్పుకోండి” అంది. “తీగ వదిలేస్తున్నాను.”

గొంతు పెంచలేదు. బుల్లిరాజు గారు ఎన్నో కంచెలు చూసినవారు, ఆయన వెంటనే బండి వెనక్కి వెళ్ళిపోయారు. శ్యాంబాబు ఏంటన్నట్టు చూశాడు. నవ్వబోయాడు. పిచ్చెక్కిందా, రెండు నిమిషాలు పట్టుకోలేవా అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పలేదు, అతని ముఖం వైపే చూస్తూ నిలబడింది. అతను ఆమె కళ్ళని చూశాడు, కళ్ళ నుంచి చేతిని చూశాడు, తీగ కింద బిగుసుకున్న ఆ వట్టి చేతిని. అతని ముఖంలో నవ్వు పోయింది. కటింగ్ ప్లేయర్ అక్కడే వదిలేసి, గట్టు మీద నుంచి చెరువు బురదలోకి దిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చెప్పిన మాటకి అతను పక్కకి జరగడం అదే మొదలు.

పూర్తిగా జరిగేదాకా ఆగింది. అప్పుడు వదిలింది.